డిపో స్థలం ఎవరికి కావాలి

పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆమె చేతులు ఒక చోట నిలవడం లేదు. కాఫీ గ్లాసు ఎత్తింది, తాగకుండానే దించింది. చెవిపోగులు పెట్టుకుంది, బాగాలేవని తీసింది, మళ్ళీ అవే పెట్టుకుంది. అరచేతుల్లో చెమట, గుండె చప్పుడు చెవుల దాకా వినపడటం... వీటిని భయం అనే పేరుతోనే ఆమె ఇన్నేళ్లూ పిలుచుకుంటూ వచ్చింది. ఆ ఉదయం అద్దంలో చూసుకుంటే మాత్రం అది భయపడేదాని మొహంలా లేదు. సర్కస్‌కి తీసుకెళ్తామని మాట ఇచ్చిన రోజున పిల్లల మొహాలు ఎలా ఉంటాయో అలా ఉంది. నలభై ఏళ్లు దాటిన మొహం మీద ఆ వెలుగు చూసి ఆమెకే సిగ్గేసింది.

“ఏమే, ఇవాళేనా మీ స్థలానికి సంబంధాలు వెతికేది?” అంది పిన్ని, ఇస్త్రీ చేస్తూ.

“సంబంధాలు కాదు పిన్నీ. బిల్డర్లని పిలిచాం. పాత బస్ డిపో స్థలం చూపించి, ఇక్కడ కట్టాలని ఎవరికైనా ఉందా అని అడుగుతాం. అంతే.”

“అడుగుతారా? ఎవరు, నువ్వా?” పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టి మరీ నవ్వింది. “నీ జన్మలో ఒకర్ని నోరు తెరిచి ఒకటి అడిగావా? బుడగలవాడు వస్తే వాడి ముందు నిలబడి ఆకాశం చూసేదానివి, గోడ చూసేదానివి, వాడి చెప్పులు చూసేదానివి. బుడగ వంక మాత్రం చచ్చినా చూసేదానివి కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదే!”

“అమ్మ సంగతేమో గానీ నువ్వు పెట్టావుగా, అడక్కుండానే.”

తల్లి పోయాక ఆమెను పెంచింది ఈ పిన్నే. ఆ మాటకి పిన్ని ఇస్త్రీ చేసిన కాలర్నే ఇంకోసారి ఇస్త్రీ చేసి, “ఇలా తగలడు. వేడి ఆరకముందే వేసుకో” అంది.

ఆమె నగరపాలక సంస్థలో ప్లానరు. డిపో స్థలం నగరానికి నడిబొడ్డున, సరిగ్గా ఆఫీసు పక్కనే ఉంది. ఒకవైపు రైల్వే స్టేషన్, ఇంకోవైపు పెద్ద మార్కెట్టు. బస్సులు ఊరి చివరికి వెళ్లిపోయాక అది అలాగే పడి ఉంది. పగిలిన తారు, నూనె మరకలు, మోకాలెత్తు గడ్డి. నగరం సొత్తు కాబట్టి అందరిదీ, అందరిదీ కాబట్టి ఎవరికీ పట్టనిదీ. ఇంతకుముందు రెండుసార్లు, ఆమె ఈ పనిలోకి రాకముందు, పేపర్లో ప్రకటన వేశారు. రెండుసార్లూ ఈగ కూడా వాలలేదు. ఈ మూడోసారి ఆమె పట్టుబట్టి, బిల్డర్లకి విడివిడిగా ఆహ్వానాలు రాసి పిలిచింది. కమిషనర్ ఒప్పుకున్నాడు గానీ మెలిక పెట్టాడు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఒక్కరైనా “మాకు ఆసక్తి ఉంది” అని రాసి సంతకం పెట్టాలి. లేకపోతే మర్నాటి కౌన్సిల్లో ఆ స్థలాన్ని కార్ల పార్కింగ్‌కి ముప్పై ఏళ్లపాటు ఇచ్చేస్తారు. చుట్టూ గోడ కడతారు. గేటు పెడతారు.

గోడ అనే మాట వింటేనే ఆమెకి ఊపిరాడేది కాదు. స్టేషన్లో దిగినవాళ్లు మార్కెట్టుకి చుట్టూ తిరిగి వెళ్లలేక, పాత ప్రహరీ కూలినచోట దూరి, డిపో మధ్యలోంచి అడ్డంగా నడిచి వెళ్లేవారు. ఏళ్ల తరబడి ఆ నడకకి గడ్డి చచ్చి, సన్నటి దారి ఒకటి పడింది. ఏ ఇంజనీరూ గీయని దారి. రోజూ ఆఫీసుకి ఆమె వచ్చేదీ ఆ దారినే. దానికి రెండు పక్కలా దుకాణాలు, పైన ఇళ్లు, కిటికీల్లోంచి కింద నడిచేవాళ్లని పిలిచే మనుషులు. నడుస్తున్నప్పుడల్లా ఆమెకి ఇవన్నీ ఊహలో కనపడేవి. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆహ్వానంలో దారి గురించి ఒక వాక్యం రాసింది గానీ లా ఆఫీసరు కొట్టేశాడు. “మేడమ్, మనకేం కావాలో మనమే ముందు చెప్పేస్తే లోకువైపోమూ?” అన్నాడు. నిజమే కాబోలనుకుంది. ఆమె జీవితమంతా నడిచిన సూత్రమూ అదే మరి.

*

మధ్యాహ్నం. ఆఫీసు కింది అంతస్తులో మీటింగ్ హాలు. గోడకి డిపో స్థలం పటం తగిలించింది. కుర్చీలు ఆమే స్వయంగా వరసలుగా వేయించింది. ఒక్కో కుర్చీకి ఒక్కో కంపెనీ పేరు అందంగా అచ్చువేయించి అంటించింది. ‘అంతా బహిరంగం, దాపరికం లేదు’ అన్నది ఆఫీసు వారి గర్వం. ఆ గర్వం కుర్చీల దాకా పాకింది.

మొదట వచ్చినాయన లావుపాటి మనిషి. బయట మబ్బు తునక లేకపోయినా చేతిలో నల్ల గొడుగుంది. తన కుర్చీ చూసుకుని చిరునవ్వు నవ్వాడు. పక్క కుర్చీ మీది పేరు చదివాడు. ఆ వెనక కుర్చీ మీది పేరూ చదివాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది. మెల్లగా వెనక్కి నడిచి కిటికీ పక్కన గోడకి ఆనుకున్నాడు.

“కూర్చోండి సార్” అంది ఆమె.

“పర్లేదమ్మా. నేనిటు ఇంటిపన్ను కట్టడానికొచ్చా. ఇక్కడ ఫ్యాను తిరుగుతోందని...”

తరవాత ఎర్ర కళ్లద్దాలావిడ వచ్చింది. పెద్ద కంపెనీ యజమానురాలని ఆమెకి తెలుసు. పేపర్లో ఫొటో చూసింది. ఆవిడ కుర్చీల వంకా, గొడుగాయన వంకా చూసి, ఫోను చెవికి పెట్టుకుని రెండో గోడవైపు వెళ్లింది. “మా ఫ్రెండు కోసం చూస్తున్నానండీ. వచ్చేస్తుంది” అంది. ఆవిడ వెనకే వచ్చిన పొడుగాటి ఇంజనీరుని ఆమె పలకరించేసరికి అతను గతుక్కుమన్నాడు.

“బాత్రూమ్ ఎక్కడో కనుక్కుందామని.”

“ఆ చివర సార్.”

అన్నాక వెళ్లక తప్పలేదు. పాపం, వెళ్లొచ్చాడు.

ఇలా ఒకరి తరవాత ఒకరు. కాసేపటికి హాలు నిండిపోయింది, కుర్చీలు మాత్రం ఖాళీ. నగరంలో పేరున్న బిల్డర్లందరూ నాలుగు గోడలకీ బల్లుల్లా అతుక్కుని, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనట్టు నిలబడ్డారు. అటెండరు టీ ట్రే పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

“మేడమ్, టీ కుర్చీలకిమ్మంటారా, గోడలకిమ్మంటారా?”

“గోడలకే ఇవ్వు బాబూ” అని గొణిగింది ఆమె.

లా ఆఫీసరు మూల బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎవరేం అడిగినా తల ఊపకూడదని, ఊపితే హామీ కింద లెక్క అని, ఆయన ఆమెకి ముందే చెప్పాడు. తనైతే మెడ కూడా తిప్పడం లేదు. “కూర్చున్నవాళ్లే హాజరైనట్టు మేడమ్. రూల్ ప్రకారం ఎవరూ రానట్టే” అన్నాడు కళ్లు మాత్రం కదిపి.

ఆమె ఖాళీ కుర్చీలకి స్థలం గురించి చెప్పింది. విస్తీర్ణం, రోడ్లు, నీళ్ల లైను. చెప్పడం అయ్యాక, “ఏమైనా సందేహాలుంటే...” అంది.  ఎవరో టీ చప్పరించిన శబ్దం.

“నాకెందుకు గానీ, వానాకాలం ఆ మార్కెట్టు వైపు నీళ్లు నిలబడవూ?” అన్నాడు గొడుగాయన, కిటికీతో మాట్లాడుతున్నట్టు.

“నేలలో డీజిల్ ఇంకి ఉంటుందంటారు. ఈశాన్యం మూల పాత ట్యాంకు ఇంకా తవ్వి తీయలేదుట కదా” అంది ఎర్ర కళ్లద్దాలావిడ, ఫోనులో లేని ఫ్రెండుతో అన్నట్టు.

“స్టేషన్ పక్కన కదా, పునాదులకి అదురు తగుల్తుంది” అన్నాడు ఇంజనీరు. “రాత్రి గూడ్సు బళ్లు మరీనూ.”

వంకలు, ఒకదాని మీద ఒకటి. ఆమె గుండె జారిపోయింది. మూడోసారి కూడా ఇంతే. పటం వంక తిరిగి, చేతిలో కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ, ఏడుపు మింగింది. అప్పుడు, ఆ మింగే క్షణంలో, ఒక చిన్న ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. ఇంటిపన్ను కట్టడానికొచ్చిన మనిషికి మార్కెట్టు వైపు నీళ్లు నిలుస్తాయని ఎలా తెలుసు? ఫ్రెండు కోసం వచ్చినావిడకి పాత ట్యాంకు ఏ మూల ఉందో ఎలా తెలుసు? రాత్రిపూట గూడ్సు బళ్లకి నేల ఎలా అదురుతుందో తెలియాలంటే రాత్రిపూట అక్కడికి వెళ్లి నిలబడి ఉండాలి.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగి వాళ్లని చూసింది. పైకప్పు చూస్తున్నవాళ్లు పైకప్పు చూస్తున్నారు. ఫ్యాను చూస్తున్నవాళ్లు ఫ్యాను చూస్తున్నారు. ఒకాయన తన బూట్లు చూసుకుంటున్నాడు. గోడంత పటం ఎదురుగా ఉంటే దాని వంక ఒక్కరంటే ఒక్కరు చూడటం లేదు.

ఈ చూపు ఆమెకి తెలుసు. ఈ చూపుతోనే పెరిగింది. ఎంత గాఢంగా కావాలో అంత దూరంగా చూపు తిప్పుకోవడం, కోరికని ఎవరైనా పసిగడితే అది పగిలిపోతుందన్నట్టు. లోకంలో తానొక్కతే అలా ఉంటుందనుకుంది ఇన్నాళ్లూ. కోట్లు తిప్పే ఈ పెద్దమనుషులంతా ఆ బుడగలవాడి ముందు నిలబడ్డ పిల్లలే! అరచేతుల్లో మళ్ళీ చెమట పట్టింది. ఇది భయం కాదని ఈసారి ఆమె ఖాయంగా తెలుసుకుంది. పరుగెత్తాలని ఉంది. ఈల వేయాలని ఉంది. ఈల వేయడం రాదు గానీ.

వరసల మధ్యకి వెళ్లి కుర్చీలకి అంటించిన పేర్లన్నీ చర్రున చింపి బుట్టలో పడేసింది. లా ఆఫీసరు సగం లేచాడు.

“మనం స్థలం దగ్గరికి నడిచి వెళ్దాం” అంది అందరితో. “ఎవరెవరు వచ్చారో ఇక మేం రాసుకోవడం లేదు. పన్ను కట్టడానికొచ్చినవాళ్లూ రావచ్చు. ఫ్రెండు కోసం వచ్చినవాళ్లూ రావచ్చు. బాత్రూమ్ కోసం వచ్చినవాళ్లు కూడా.”

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. గొడుగాయన పొట్ట నవ్వు ఆపుకోలేక కదిలింది.

*

ఎండలో డిపో స్థలం బోసిగా, వెడల్పుగా పడి ఉంది. గోడ దాటి లోపలికి అడుగుపెట్టగానే బిల్డర్లు నీళ్లలో వదిలిన చేపల్లా చెదిరిపోయారు. హాల్లో బిగుసుకున్న ఒళ్లు ఇక్కడ మాట వినడం లేదు. గొడుగాయన గొడుగు మొనతో నేలని పొడిచి పొడిచి చూస్తున్నాడు. ఇంజనీరు ఎవరూ చూడటం లేదనుకుని పెద్ద పెద్ద అంగలు వేస్తూ కొలుస్తున్నాడు. ఎర్ర కళ్లద్దాలావిడ అద్దాలు తలమీదికి తోసి, ఎండ ఏ గోడ మీద పడుతోందో చూస్తోంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి.

ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లింది. “ఎలా ఉందండీ?” అని అడిగింది. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే తెలిసిపోయింది, అది అడగడం కాదని, అడగడం చుట్టూ తిరగడమని.

“ఏముందమ్మా, గుంతలు” అన్నాడు గొడుగాయన.

“ఎండ ఎక్కువ” అంది ఎర్ర కళ్లద్దాలావిడ.

ఫోను మోగింది. కమిషనర్. “ఏమమ్మా, ఎవరైనా సంతకం పెట్టారా?”

“ఇంకా లేదు సార్. చూస్తున్నారు.”

“చూడ్డానికేం, సినిమా హాల్లో పోస్టర్లు కూడా చూస్తారు. పార్కింగ్ వాళ్లు నా గదిలోనే కూర్చున్నారు. ఇంకో అరగంటలో ఆఫీసు మూసేస్తారు, అప్పుడు వాళ్లకి మాట ఇచ్చేస్తాను. నీ తాపత్రయం నాకు తెలుసు, కానీ మూడోసారి కూడా నవ్వులపాలు కాలేం.”

ఫోను పెట్టేశాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. ఆమె సన్నదారి మధ్యలో నిలబడిపోయింది. స్టేషన్లో ఏదో రైలు ఆగినట్టుంది. సంచులతో జనం కూలిన గోడలోంచి వస్తున్నారు. వాళ్లు ఆమెకి రెండు పక్కల నుంచీ ప్రవాహంలా సాగిపోతున్నారు. ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని వస్తూ, దారికి అడ్డంగా నేల పొడుస్తున్న గొడుగాయనతో, “కాస్త జరగవయ్యా, పాతర తవ్వుతున్నావా ఏంటి?” అంది. ఆయన ఉలిక్కిపడి జరిగాడు. జరిగి, ఆ జనాన్ని, వాళ్ల సంచుల్ని, వాళ్ల నడక వేగాన్ని చూస్తూ ఉండిపోయాడు.

ముందు కోరుకున్నవాడు లోకువ. అదీ వీళ్లందరి భయం. ఎవరో ఒకరు ముందు కోరుకోవాలి. ఎవరూ కోరుకోరు. అరగంట అయిపోతుంది.

ఆమె లా ఆఫీసరు వైపు తిరిగింది. “సార్, ఇది టెండరా?”

“కాదు కాదు. టెండరు తరవాత సంగతి. ఇది ఆసక్తి కనుక్కోవడం.”

“అంటే అడగడమేగా?”

“అడగడమే అనుకోండి.”

“అయితే నన్ను అడగనివ్వండి.”

ఆయన నోరు తెరిచేలోగా ఆమె అక్కడున్న పాత సిమెంటు దిమ్మ ఎక్కింది.  

“అందరూ ఒక్క నిమిషం వినాలి!” అంది. ఇంత గొంతు తనకుందని ఆమెకి తెలియదు. గడ్డిలో చెదిరినవాళ్లంతా తలెత్తారు. నడిచేవాళ్లు కొందరు ఆగారు. “మీలో ఎవరూ ముందు చెప్పరని నాకర్థమైంది. నేనే చెప్తాను. ఈ స్థలం నాకు కావాలి. నా పేరు మీద కాదు. ఈ దారి మూసుకుపోకుండా కావాలి. దీనికి రెండు పక్కలా దుకాణాలు కావాలి. పైన మామూలు జీతగాళ్లు ఉండగలిగే ఇళ్లు కావాలి. సాయంత్రం మార్కెట్టు నుంచి వచ్చేటప్పుడు చీకట్లో బిక్కుబిక్కుమంటూ కాకుండా దీపాల కింద నడిచి వెళ్లాలని ఉంది నాకు. ఎన్నాళ్ల నుంచో ఉంది. డబ్బున్నది మీ దగ్గర, కట్టడం వచ్చింది మీకు. అందుకని అడుగుతున్నాను. ఇవాళ ఎవరూ అడక్కపోతే రేపట్నుంచి ముప్పై ఏళ్లు ఇక్కడ కార్లు పడుకుంటాయి. మీకు కావాలా, వద్దా?”

గాలి వీచింది. లా ఆఫీసరు తలపట్టుకున్నాడు. ఆ క్షణంలో ఆమెకి చిత్రంగా తేలిగ్గా అనిపించింది. లోకువైపోయింది, అయిపోయింది, ఆకాశం విరిగి మీద పడలేదు.

“మధ్యలో దారి వదిలేస్తే బిల్డింగు రెండు ముక్కలవుతుందమ్మా!” అన్నాడు గొడుగాయన. మాట మామూలుదే, గొంతు మాత్రం తగాదాకి దిగిన గొంతు. “రెండు లిఫ్టులు, రెండు మెట్లు... ఎవడు పెడతాడు?”

“ముక్కలైతేనే కదండీ మంచిది!” ఎర్ర కళ్లద్దాలావిడ అప్పుడే అందుకుంది. “ఒక దుకాణానికి ఒక మొహం బదులు రెండు మొహాలొస్తాయి. ఆ జనాన్ని చూశారా? వాళ్లని మనం పిలవక్కర్లేదు, వాళ్లే వచ్చి మన గుమ్మంలో పడతారు.”

“మన గుమ్మమా? మీ ఫ్రెండు ఇంకా రాలేదేంటమ్మా?”

“మీరు పన్ను కట్టొచ్చారా?”

“పైన కలిపేయొచ్చు” అన్నాడు ఇంజనీరు గడ్డిలోంచి పరిగెత్తుకొస్తూ. “కింద దారి వదిలి, రెండో అంతస్తు నుంచి వంతెనలా కలిపితే...” ఇటుక ముక్క తీసుకుని తారు మీద గీయడం మొదలుపెట్టాడు. హాల్లో గోడలకి అతుక్కున్నవాళ్లంతా ఆ గీతల చుట్టూ మూగారు. ఎవరో “ఆ ట్యాంకు మూల పార్కు పెట్టు, తవ్వాల్సిన పని తగ్గుతుంది” అన్నారు. ఇంకెవరో “పార్కా, నీ మొహం, అక్కడ ఎండ చూడు!” అన్నారు. దారిన పోతున్న ఒకాయన సంచీ కింద పెట్టి, “కూర్చోడానికి అరుగులు కూడా పెట్టండి” అని సలహా ఇచ్చి, జవాబు కోసం నిలబడ్డాడు.

“ఆపండి మేడమ్” అన్నాడు లా ఆఫీసరు ఆమె చెవిలో. “పోటీదారులు ఒకళ్ల గుట్టు ఒకళ్లకి చెప్పేసుకుంటున్నారు!”

“చెప్పుకోనివ్వండి సార్. దాచుకున్నన్నాళ్లు దాచుకున్నారు.”

ఎర్ర కళ్లద్దాలావిడ ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. “కాగితం ఇవ్వండి.” ఆమె ఇచ్చింది. రాసుకోవడానికి బల్ల లేదు, గోడ లేదు. ఆవిడ అటూ ఇటూ చూసి, తారు మీది గీతల్లోకి వంగి వాదిస్తున్న గొడుగాయన వీపు మీద కాగితం పరిచి చకచకా రాసి సంతకం పెట్టేసింది.

ఆయన నిటారుగా లేచాడు. “నా వీపు మీద రాసి నాకే పోటీకొస్తావా?”

“వెడల్పుగా ఉంది కదాని...”

“నాకూ ఇవ్వమ్మా ఒకటి! కాదు, రెండివ్వు, మొదటిదాంట్లో కోపంతో తప్పులు రాస్తా.” గొడుగు చంకన పెట్టుకుని పెన్ను కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. ఇంజనీరు అప్పటికే మోకాలి మీద పెట్టి రాస్తున్నాడు. చేతులు ముందుకొస్తున్నాయి. ఆమె దగ్గరున్న కాగితాలు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. నవ్వాగడం లేదు ఆమెకి. కళ్లు చెమ్మగిల్లితే తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

ఫోను మళ్ళీ మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

“ఏమిటమ్మా ఆ గోల?” అన్నాడు కమిషనర్.

“కొట్టుకుంటున్నారు సార్.”

“ఎవరు? దేనికి?”

“మన డిపో స్థలానికి.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. పార్కింగ్ వాళ్లని గదిలో వదిలేసి బయటికొచ్చినట్టున్నాడు. “నిజంగానా? సంతకాలు పెట్టారా?” అన్నాడు, గుసగుసగా, దొంగతనంగా సంతోషపడుతున్నవాడిలా.

“పెడుతున్నారు. సార్, మీకొక మాట.”

“చెప్పు.”

ఎప్పటిలాగే, ‘వీలైతే’ అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని ఆమె రానివ్వలేదు.

“రేపటి కౌన్సిల్లోంచి పార్కింగ్ సంగతి తీసేయించండి. ఇక మీదట ఏ కాగితం రాసినా ఈ దారి ఉండాలని రాయించండి, మొదటి వాక్యంలోనే. నాకు అది కావాలి.”

“అలాగే, అలాగే. ఇంకేమైనా?”

ఆమె ఆలోచించింది. ఎదురుగా గొడుగాయనా ఎర్ర కళ్లద్దాలావిడా వంతెన ఏ అంతస్తులో ఉండాలో తేల్చుకోలేక ఇటుక ముక్కని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్నారు. స్టేషన్లో ఇంకో రైలు కూత వేసింది. మళ్ళీ జనం వస్తారు.

“ఉందండీ” అంది. “చాలా ఉన్నాయి. మీరు కిందికి రండి, ఒక్కొక్కటే అడుగుతాను.”